ఊరి పబ్బు ఎవరిది?

ఇంగ్లండ్ ఉత్తర భాగంలో, లేక్ డిస్ట్రిక్ట్ కొండలకు వెనకవైపు హెస్కెట్ న్యూమార్కెట్ అని ఒక చిన్న ఊరుంది. ఒకప్పుడు అక్కడ సంత జరిగేది, సంతకొచ్చేవాళ్ల కోసం సత్రాలుండేవి. 1857లో చార్లెస్ డికెన్స్, విల్కీ కాలిన్స్ కలిసి ఆ వైపు వచ్చి, దగ్గర్లోని కారక్ ఫెల్ అనే కొండెక్కారు. దిగేటప్పుడు కాలిన్స్ కాలు మడతపడింది. వాళ్లు ఆగిన సత్రం ఇప్పుడు మామూలు ఇల్లు. మిగిలిన సత్రాలూ ఒక్కొక్కటిగా మూతపడి, చివరికి ఓల్డ్ క్రౌన్ అనే పబ్బు ఒక్కటే మిగిలింది. 2003లో అదీ అమ్మకానికి వచ్చింది.

ఏ పెద్ద కంపెనీయో కొని తన పద్ధతిలో నడుపుతుందేమో, లేకపోతే ఎవరో డబ్బున్నాయన కొని సెలవులకొచ్చే ఇల్లు చేసుకుంటాడేమో అని ఊరివాళ్లకు భయం పట్టుకుంది. దాదాపు 125 మంది తలా 1,500 పౌండ్లు వేసుకుని పబ్బును కొనేశారు. సహకార సంఘం పెట్టుకున్నారు, మనిషికి ఒక్క ఓటు. పర్వతారోహకుడు క్రిస్ బోనింగ్టన్ కూడా అందులో సభ్యుడు. పబ్బు వెనక పాత కొట్టంలో 1988లో మొదలైన చిన్న బ్రూవరీని (బీరు కాచే చోటును) అంతకు ముందే, 1999లో, ఇదే పద్ధతిలో ఉమ్మడిగా కొనుక్కుని ఉన్నారు కాబట్టి ఆ అనుభవం పనికొచ్చింది. బ్రిటన్‌లో సహకార సంఘం చేతుల్లోకి వచ్చిన మొదటి పబ్బుగా ఓల్డ్ క్రౌన్‌కి పేరు.

ఈ దేశంలో ఊరి పబ్బుల గురించి రాసేవాళ్లు ఎక్కువగా కట్టడం గురించి రాస్తారు. నల్లబడ్డ దూలాలు, మంట పక్కన పడుకున్న కుక్క, తల తగిలేంత పొట్టి గుమ్మం. వందల ఏళ్లుగా ఏమీ మారని చోటు అన్నట్టు రాస్తారు. నాకు ఆ కథ నచ్చదు, ఎందుకంటే అది నిజం కాదు. పబ్బు ఎప్పుడూ మారుతూనే ఉంది. మారిన ప్రతిసారీ దాని వెనక ఒక చట్టమో, ఒక అప్పో, ఒక అమ్మకమో ఉంది. ఆ పబ్బు ఎవరి చేతిలో ఉంది, అందులో అమ్ముడయ్యే ప్రతి గ్లాసు మీదా లాభం ఎవరికి పోతుంది అన్నదే దాని అసలు చరిత్ర అని నా అభిప్రాయం. ఇప్పుడు ఊళ్లలో పబ్బులు మూతపడుతుంటే "జనం రావడం మానేశారు, ఏం చేస్తాం" అని తేల్చేసేవాళ్లతో నాకు పేచీ కూడా అక్కడే.

మొదట్లో అది ఇల్లే. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో ఏల్ అనే బార్లీ పానీయం కాచేది ఎక్కువగా ఆడవాళ్లు. బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, వేడినీళ్లలో నానబెట్టి పులియబెట్టేవాళ్లు. అప్పటికి హాప్స్ (బీరుకు చేదునూ నిలవ గుణాన్నీ ఇచ్చే పూలు) వాడకం లేదు కాబట్టి ఆ ఏల్ కొద్ది రోజులకే పులిసి పాడైపోయేది. అందుకని ఇంటికి సరిపడా ఉంచుకుని మిగిలింది అమ్మేవాళ్లు. ఏల్ సిద్ధమైందని తెలిసేలా గుమ్మం బయట ఒక కర్రకు ఆకుల గుత్తి కట్టేవాళ్లు. రుచి చూసి సరుకు బాగుందో లేదో చెప్పడానికి ఊరి తరఫున ఒక మనిషి ఉండేవాడు. 13వ శతాబ్దంలో వచ్చిన రొట్టె, ఏల్ చట్టం ప్రకారం ధాన్యం ధరను బట్టి ఏల్ ధర నిర్ణయించేవాళ్లు. ధర తప్పినా కొలత తప్పినా భూస్వామి కోర్టులో జరిమానా. ఆ కోర్టుల పాత దస్త్రాల్లో ఈ ఆడవాళ్ల పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఏటా కట్టే ఆ జరిమానా చాలాచోట్ల లైసెన్సు ఫీజులాగే అయిపోయింది. ఈ దేశపు పల్లెల్లో మామూలు ఆడవాళ్ల పేర్లు చరిత్రకెక్కిన కొద్దిపాటి చోట్లలో అదొకటి. పబ్బు అంటే మొదటి నుంచీ మగవాళ్ల అడ్డా అనుకునేవాళ్లు ఆ దస్త్రాల సంగతి తెలుసుకోవాలి.

15వ శతాబ్దంలో సముద్రం అవతల నుంచి హాప్స్ వచ్చాయి. హాప్స్ వేసిన బీరు వారాలు, నెలలు నిలవుంటుంది, దూరాలకు పంపొచ్చు. దూరాలకు పంపాలంటే పెద్ద పాత్రలు, బండ్లు, పెట్టుబడి కావాలి. పెట్టుబడి, అప్పు, వ్యాపార సంఘాల్లో సభ్యత్వం మగవాళ్లకే దొరికేవి. అలా ఇంటి పొయ్యి మీది పని నెమ్మదిగా చేతులు మారింది. 1552లో ఏల్ అమ్మే ఇళ్లకు మేజిస్ట్రేట్ల లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. పల్లెల్లో మేజిస్ట్రేట్ అంటే మామూలుగా ఆ చుట్టుపక్కల భూస్వామే. ఊళ్లో కూలివాళ్లు సాయంత్రం ఎక్కడ కూర్చోవచ్చో, అసలు కూర్చోవచ్చో లేదో, ఆయన చెప్పాలి.

ఆ పట్టు ఒక్కసారి మాత్రం జారింది. 1830లో బీర్‌హౌస్ చట్టం వచ్చింది. ఇంటిపన్ను కట్టే ఎవరైనా రెండు గినీలు (రెండు పౌండ్ల పైచిలుకు) కట్టి బీరు అమ్ముకోవచ్చు, మేజిస్ట్రేట్ అనుమతి అక్కర్లేదు. జనాన్ని జిన్ను అనే ఘాటు మద్యం నుంచి బీరు వైపు మళ్లించాలని, లైసెన్సున్న ఇళ్ల మీద పెద్ద బ్రూవర్ల పెత్తనం తగ్గించాలని ప్రభుత్వం ఉద్దేశం. కొద్ది నెలల్లోనే 24 వేల దాకా కొత్త బీరు ఇళ్లు తెరుచుకున్నాయి. కమ్మరి కొలిమి పక్క గదిలో, ముందుగదిలో రెండు బల్లలేసుకుని. ఇప్పుడు మనం "పాతకాలపు ఊరి పబ్బు" అని ముచ్చటపడే చిన్న పబ్బుల్లో చాలావాటి పుట్టుక ఇదే. వాటి వయసు రెండొందల ఏళ్లు కూడా నిండలేదు. అదే ఏడాది దక్షిణాది కౌంటీల్లో వ్యవసాయ కూలీలు తిరగబడి నూర్పిడి యంత్రాలు పగలగొట్టారు. ఈ బీరు ఇళ్లలో కూర్చునే కుట్రలు పన్నుతున్నారని భూస్వాములు గోలపెట్టారు. కూలీలు తమవాళ్లతో, అజమాయిషీ లేకుండా మాట్లాడుకునే చోటు దొరకడమే వాళ్ల అసలు భయం అని నేననుకుంటాను. 1869లో ఈ ఇళ్లనూ మళ్లీ మేజిస్ట్రేట్ల కిందికే తెచ్చారు.

ఆ తర్వాత లైసెన్సులు పరిమితం కావడంతో లైసెన్సున్న ఇంటికి గిరాకీ పెరిగింది. బ్రూవరీలు షేర్లు అమ్మి డబ్బు పోగుచేసి పబ్బుల్ని వరసపెట్టి కొన్నాయి. అప్పటి నుంచి "టై" అన్నది ఈ వ్యాపారానికి మూలసూత్రం అయింది. పబ్బు బ్రూవరీది. నడిపేవాడు అద్దెదారు. అద్దె కట్టడంతో పాటు బీరు కూడా యజమాని దగ్గరే, యజమాని చెప్పిన ధరకే కొనాలి. బయట అదే పీపా చవగ్గా దొరుకుతున్నా కొనడానికి లేదు. ఆ ఎక్కువ ధరను ఇక్కడి పబ్బువాళ్లు "వెట్ రెంట్" అంటారు. ఎవరికీ కట్టుబడనిదైతే బోర్డు మీద "ఫ్రీ హౌస్" అని గర్వంగా రాసుకుంటారు.

ఇక్కడ తెలుగువాళ్లకు రావలసిన ప్రశ్న ఒకటుంది. మందు అమ్మే చోటు గురించి ఇంత ఆరాటం ఎందుకు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. ఆ ఆడవాళ్ల పక్షాన నేను నూటికి నూరుపాళ్లు ఉన్నాను. వాళ్ల ఊళ్లకు సారా ఎలా వచ్చేదో గుర్తు చేసుకోండి. వేలంలో కాంట్రాక్టు పాడుకున్నవాడు పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికి ఎంత వీలైతే అంత తాగించాలి. ఖజానా నిండాలంటే ప్రభుత్వానికీ అదే కావాలి. తాగేవాడు చెడితే ఇద్దరికీ నష్టం లేదు. ఊరికీ, ఆ ఇంటి ఆడమనిషికీ దాని మీద ఏ అధికారమూ లేదు. నేను అడుగుతున్నదీ ఆ అధికారం సంగతే.

దీనికి హెస్కెట్ న్యూమార్కెట్ దగ్గర్లోనే ఒక పాత ఉదాహరణ ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో గ్రెట్నా దగ్గర పేలుడు పదార్థాల పెద్ద ఫ్యాక్టరీ పెట్టారు. వేలమంది పనివాళ్లు సాయంత్రమయ్యేసరికి కార్లైల్ పట్నం మీద పడేవాళ్లు. తాగి గొడవలు. 1916లో ప్రభుత్వం ఆ చుట్టుపక్కల బ్రూవరీలనూ పబ్బులనూ ఏకంగా కొనేసింది. కొన్నిటిని మూసేసింది. మిగిలినవాటిలో జీతగాళ్లైన మేనేజర్లను పెట్టింది. బీరు ఎక్కువ అమ్మితే వాళ్లకు దమ్మిడీ రాదు. భోజనం మీద, మత్తులేని పానీయాల మీద మాత్రం కమిషన్. హ్యారీ రెడ్‌ఫర్న్ అనే ఆర్కిటెక్టు వెలుతురు, గాలి వచ్చే కొత్త పబ్బులు కట్టాడు. తాగి పట్టుబడేవాళ్ల సంఖ్య ఆ యుద్ధకాలంలో బాగా పడిపోయింది. పబ్బుల వేళలు తగ్గించడమూ అందుకు కారణమే అనుకోండి. అయినా గ్లాసు గ్లాసుకూ లాభం లెక్కేసుకునే మనిషి కౌంటరు వెనక లేకపోతే పరిస్థితి మారుతుందని కార్లైల్ చూపించింది. యుద్ధం ముగిసినా ఆ ఏర్పాటు 1973 దాకా నడిచింది. అప్పటి ప్రభుత్వం దాన్ని ప్రైవేటు బ్రూవరీలకు అమ్మేసింది.

మంచి యజమాని ఎక్కడో దూరాన ఉంటే సరిపోదనిపించే ఉదాహరణ దక్షిణాన, డెవన్‌లో ఉంది. డ్రూస్టైన్‌టన్ అనే ఊళ్లో గడ్డికప్పు పబ్బు, డ్రూ ఆర్మ్స్. దాని పాత పేరు డ్రూయిడ్ ఆర్మ్స్. జూలియస్ డ్రూ అనే కిరాణా వ్యాపారి టీ, పంచదార దుకాణాల గొలుసుతో కోట్లు గడించి, ఆ ఊరి దగ్గర కాసిల్ డ్రోగో అనే కోట కట్టించుకున్నాడు. ఊరి పబ్బుకీ తన పేరు వచ్చేలా చేసుకున్నాడు. ఆ కోట డిజైన్ చేసింది లుట్యెన్స్. ఢిల్లీలో నిజాం కోసం హైదరాబాద్ హౌస్ కట్టిన లుట్యెన్సే.

పబ్బు బోర్డు మీద పేరు డ్రూది అయినా, జనం అక్కడికి వెళ్లింది మేబెల్ మడ్జ్ కోసం. 1919లో భర్తతో కలిసి ఆ పబ్బు చేతిలోకి తీసుకుంది. 1994లో దిగిపోయింది, 99 ఏళ్ల వయసులో. డెబ్బై ఐదేళ్లు ఒకే పబ్బు. అక్కడ బార్ కౌంటర్ ఉండేది కాదు. నడవాలో గోడకు ఒక చిన్న కిటికీ, దాని వెనక గదిలో చెక్క అరల మీద వరసగా పీపాలు. కిటికీ దగ్గర నిలబడి అడిగితే, పీపాకున్న కుళాయి తిప్పి గ్లాసులోకి నేరుగా పట్టి ఇచ్చేవాళ్లు. చేత్తో లాగే పంపులు లేవు, మెరిసే అద్దాలు లేవు. ఆమె ఉన్నన్నాళ్లూ ఎవరూ దేన్నీ కదిలించలేదు. ఆమె దిగిపోగానే, ఇక ఈ పబ్బును ఏం చేస్తారోనని ఊరంతా కంగారుపడాల్సి వచ్చింది. నిర్ణయం ఊరి చేతిలో లేదు, బ్రూవరీ చేతిలో ఉంది. చివరికి ఊరివాళ్లు గట్టిగా పట్టుబట్టారు కాబట్టే ఆ కిటికీ, ఆ అరలు నిలిచాయి.

పీపా సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఊరికీ పబ్బుకీ ఉన్న లంకె అందులో స్పష్టంగా కనిపిస్తుంది. కాస్క్ ఏల్ అంటే పబ్బు నేలమాళిగకు వచ్చాక కూడా పీపాలో పులుస్తూనే ఉండే బీరు. చిన్న పీపాను ఫర్కిన్ అంటారు, అందులో 72 పైంట్లు (పైంట్ అంటే అర లీటరు పైచిలుకు) పడతాయి. దాన్ని పడుకోబెట్టి, కదలకుండా ఆనిక పెట్టి, పైన బిరడాలో చిన్న చెక్కమేకు దిగ్గొట్టి లోపలి గ్యాస్‌ని కొంచెం కొంచెంగా వదలాలి. మడ్డి అడుక్కి దిగేదాకా ఆగాలి. నేలమాళిగ 11, 12 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఒకసారి కుళాయి దిగ్గొట్టాక లోపలికి గాలి పోతుంది, మూడు నాలుగు రోజుల్లో అయిపోకపోతే పులుపెక్కుతుంది. అంటే పబ్బు మంచి బీరు అమ్మాలంటే ఆ మూడు నాలుగు రోజుల్లో 72 పైంట్లు తాగేంత జనం క్రమం తప్పకుండా రావాలి. ఇద్దరు ముగ్గురు వచ్చే వారం బీరు పాడవుతుంది, బీరు పాడైతే ఆ ఇద్దరూ రారు. 1960ల్లో పెద్ద బ్రూవరీలు దీనికి విరుగుడుగా కెగ్ బీరు తెచ్చాయి. వడగట్టి, వేడిచేసి, గ్యాస్ పట్టించిన బీరు. ఎన్నాళ్లైనా పాడవదు, ఎక్కడైనా ఒకటే రుచి. నేలమాళిగలో నైపుణ్యం అక్కర్లేదు. దాని మీద కోపంతోనే 1971లో కామ్రా అనే వినియోగదారుల ఉద్యమం పుట్టింది. అది లేకపోతే కాస్క్ ఏల్ ఈపాటికి చాలాచోట్ల అంతరించేదని నా నమ్మకం.

అసలు పెద్ద దెబ్బ మంచి ఉద్దేశంతో వచ్చింది. 1989 నాటికి ఆరు పెద్ద బ్రూవరీల చేతిలో దేశంలోని పబ్బుల్లో పెద్ద భాగం ఉంది. ఆ గుత్తాధిపత్యాన్ని విరగ్గొట్టాలని ప్రభుత్వం బీర్ ఆర్డర్స్ అనే ఉత్తర్వులు తెచ్చింది. 2,000 పబ్బులకు మించి ఉన్న బ్రూవరీ, ఆ పైన ఉన్నవాటిలో సగానికి టై తెంచాలి. బ్రూవరీలు పబ్బుల్ని గుంపగుత్తగా అమ్మేశాయి. కొన్నది ఊళ్లూ కాదు, అద్దెదార్లూ కాదు. బీరు కాయని కంపెనీలు పుట్టుకొచ్చి కొన్నాయి. బీరు కాయవు కాబట్టి 2,000 లెక్క వాటికి వర్తించలేదు. 2000 దశకం మధ్యకి పంచ్, ఎంటర్‌ప్రైజ్ అనే రెండు కంపెనీల చేతిలోనే చెరో ఎనిమిది వేలకు పైగా పబ్బులు చేరాయి. అదంతా అప్పు మీద కొన్నది. రాబోయే అద్దెల్నీ, టై ద్వారా వచ్చే ఆదాయాన్నీ తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు. 2008లో ఆర్థిక సంక్షోభం వచ్చేసరికి ఆ అప్పు తీర్చడానికి పబ్బుల్ని అమ్మడం మొదలైంది. పల్లెలో పాత పబ్బంటే మంచి సెంటర్‌లో పెద్ద స్థలం, వెనక తోట, పార్కింగ్. పబ్బుగా కంటే ఇళ్లుగా దాని విలువ ఎక్కువ. లెక్క అంతే.

వేరే కారణాలు లేవని నేను అనను. 1967లో తాగి బండి నడిపేవాళ్లకు బ్రీత్ టెస్ట్ వచ్చింది. ఆ చట్టం ఎన్ని ప్రాణాలు కాపాడిందో తలుచుకుంటే దాన్ని తప్పుపట్టే పని లేదు, కానీ బస్సు లేని ఊళ్లో పబ్బుకి అది భారమే. ట్రాక్టర్లు వచ్చి పొలంలో కూలీలు తగ్గారు. సూపర్‌మార్కెట్‌లో బీరు చవగ్గా దొరుకుతోంది. 2007లో ఇంగ్లండ్ పబ్బుల్లో పొగతాగడం నిషేధించారు. కోవిడ్‌లో నెలల తరబడి తాళాలు పడ్డాయి. బ్రిటన్‌లో 2000 ప్రాంతంలో దాదాపు 60 వేల పబ్బులుంటే ఇప్పుడు 45 వేల చుట్టూ ఉన్నాయి. కానీ ఈ కారణాలన్నీ ఓల్డ్ క్రౌన్‌కీ వర్తిస్తాయి కదా. అదే బ్రీత్ టెస్ట్, అదే సూపర్‌మార్కెట్, అదే కోవిడ్. లాభం తగ్గిన ఏడాది దాని యజమానులు దాన్ని ఇళ్ల ప్లాట్‌గా చూడరు, అక్కడే తేడా. పబ్బు భవనం సహకార సంఘం చేతిలో ఉంటుంది, నడపడానికి లీజుకిస్తారు. నడిపేవాళ్లు మారతారు. ఒకరికి సాగకపోతే ఇంకొకరిని వెతుకుతారు. వెతికే ఓపిక వాళ్లకుంది, ఎందుకంటే మూతపడితే పోయేది వాళ్ల ఊరి పబ్బే.

ఆ ఓపిక లేని చోట ఏం జరుగుతుందో 2023 ఆగస్టులో దేశమంతా చూసింది. స్టాఫర్డ్‌షైర్‌లో హిమ్లీ దగ్గర క్రుకెడ్ హౌస్ అనే పబ్బు ఉండేది. 1765 నాటి కట్టడం. కింద బొగ్గు తవ్వడంతో నేల కుంగి ఒక పక్కకు ఒరిగిపోయింది. బల్ల మీద గోలీ పెడితే ఎత్తుకి దొర్లుతున్నట్టు కనిపించేది, పిల్లల్ని తీసుకెళ్లి చూపించేవాళ్లు. మార్‌స్టన్స్ కంపెనీ దాన్ని అమ్మేసింది. అమ్మిన కొద్ది రోజులకే, ఆగస్టు 5 రాత్రి, మంటలు. ఆగస్టు 7న పొక్లెయిన్ వచ్చి మిగిలిన గోడల్నీ పడగొట్టేసింది. రాళ్లూ ఇటుకలూ ఏరుకోవడానికి జనం వచ్చారు. కళ్లనీళ్లు పెట్టుకున్నారు. 2024 ఫిబ్రవరిలో స్థానిక కౌన్సిల్, మళ్లీ అలాగే కట్టాలని యజమానులకు నోటీసిచ్చింది. అంతమంది ప్రేమించిన పబ్బు మీద ఆ జనానికి కాగితం మీద ఏ హక్కూ లేకపోయింది.

చట్టం ఇచ్చిన హక్కు ఏమిటంటే, 2011 లోకలిజం చట్టం ప్రకారం ఊరివాళ్లు పబ్బును తమ ఉమ్మడి ప్రయోజనానికి చెందిన ఆస్తిగా నమోదు చేయించవచ్చు. యజమాని అమ్మదలిచినప్పుడు కొంటామని ఊరు ముందుకొస్తే, ఆయన ఆరు నెలలు ఆగాలి, ఆలోగా ఊరు డబ్బు కూడబెట్టుకుని బేరం పెట్టొచ్చు. బేరం పెట్టడం వరకే. ఆరు నెలలయ్యాక యజమాని ఎవరికైనా ఎంతకైనా అమ్ముకోవచ్చు. స్కాట్లాండ్ పల్లెల్లో 2003 నాటి చట్టంతోనే, భూమి అమ్మకానికి వస్తే ముందుగా కొనుక్కునే హక్కు స్థానికులకు ఉంది. ఇంగ్లండ్‌కి అది ఇన్నేళ్లూ రాలేదు. 2017 దాకా ఇంగ్లండ్‌లో మామూలు పబ్బును దుకాణంగా మార్చడానికి గానీ, కూల్చడానికి గానీ ప్లానింగ్ అనుమతే అక్కర్లేదంటే, ఈ విషయంలో ఎంత ఆలస్యంగా మేల్కొన్నారో అర్థం చేసుకోవచ్చు.

ఇన్ని అడ్డంకుల మధ్య కూడా ఓల్డ్ క్రౌన్ దారిలో నడిచిన పబ్బులు బ్రిటన్‌లో 150 దాటాయి. కొన్నిటిలో పగలు పోస్టాఫీసు నడుస్తుంది, కొన్నిటిలో ఊరి కిరాణా కొట్టు, కొన్నిటిలో ఒంటరి ముసలివాళ్లకు వారానికోసారి భోజనం. ఇలా ఊళ్లు కొనుక్కునే ఆస్తులకు సాయంగా 2021లో 15 కోట్ల పౌండ్లతో ప్రభుత్వం ఒక నిధి పెట్టింది, 2024 చివర్లో దాన్ని మూసేసింది. 2025 జూలైలో పార్లమెంటు ముందుకు తెచ్చిన బిల్లులో ఆరు నెలల గడువును ఏడాది చేశారు, ముందుగా కొనుక్కునే హక్కునూ చేర్చారు. చాలా ఏళ్లుగా అడుగుతున్నది అదే కాబట్టి సంతోషించాను. కానీ హెస్కెట్ న్యూమార్కెట్‌లో తలా 1,500 పౌండ్లు తీయగలిగినవాళ్లు 125 మంది దొరికారు. డర్హమ్ బొగ్గుగనుల ఊళ్లలో, తూర్పు ఇంగ్లండ్‌లోని ఫెన్స్ ప్రాంతపు కూలీల ఊళ్లలో అంతమంది దొరకరు. వాళ్ల పబ్బులు కూడా చాలావరకు 1830 తర్వాత అలా ముందుగదుల్లో పుట్టినవే, అలాంటి కూలీల కోసమే పుట్టినవి. కొనుక్కునే హక్కు ఇస్తున్నప్పుడు మూసేసిన ఆ నిధిని కూడా మళ్లీ తెరవాలి, ముందుగా ఆ ఊళ్ల కోసం తెరవాలి.